ఎండాకాలం చివర్లో కాలనీ తోటకి మనుషులు రావట్లేదు. బెండకాయలు ఎవరు కోయాలి?

గోరంట్ల_గోంగూర
మాది గుంటూరు, గోరంట్ల వైపు. మా కాలనీ వెనక 40 సెంట్ల ఖాళీ స్థలం ఉంది. ఓనర్ గారు అమెరికాలో ఉంటారు, ఇల్లు కట్టేదాకా ఏదన్నా పండించుకోండి అన్నారు. ఉగాదికి అందరం కలిసి మొదలుపెట్టాం. ఆ రోజు చూడాల్సింది. పారలు చాలలేదు, సెల్ఫీలకి చోటు చాలలేదు.

ఇప్పుడు రోహిణి కార్తె. పొద్దున్నే తోటలో ఉండేది నేను, ఎదురింటి రిటైర్డ్ మాస్టారు, వాచ్‌మన్ గారి భార్య. అంతే. బెండ విరగకాస్తోంది. రోజు విడిచి రోజు కోయాలి. ఒక్క కోత తప్పితే కాయ ముదిరి, విరిస్తే విరగదు, వంగుతుంది. గ్రూపులో మెసేజ్ పెడితే బొటనవేళ్లు వస్తాయి, మనుషులు రారు. ఆదివారం పంపకాల టైముకి మాత్రం సంచులు వరసగా నిలబడతాయి.

మీ దగ్గర ఇలాంటి తోటలు ఈ నెలలో ఎలా నడుస్తున్నాయి? ఆపేయడమే నయమా? నేల నల్లరేగడి, బోరు నీళ్లు కాస్త ఉప్పగా ఉంటాయి.

మిర్చిఘాటు
మన మిర్చి యార్డుకే మే నెలలో వేసవి సెలవులిస్తారు. అంత పెద్ద మార్కెట్టే తలుపులేసుకుంటే మీ 40 సెంట్లకి సెలవు ఇవ్వలేరా?

గోరంట్ల_గోంగూర
మిర్చి అయితే కోల్డ్ స్టోరేజీలో పడుకుంటుంది సార్. బెండకాయకి ఆ భోగం లేదు.

పటమట_పద్మ
మే నెలలో ఎవరూ రారండీ, అలవాటు చేసుకోండి. పెళ్లి ముహూర్తాలు, పిల్లల సెలవులు, అమ్మమ్మగారి ఊళ్లు, ఆవకాయలు. జూన్ 12న బడులు తెరిచేదాకా సగం కాలనీ ఇంట్లో ఉండదు. ఆ సంగతి మార్చిలో విత్తనం వేసేటప్పుడే లెక్కలోకి తీసుకోవాలి. ఏమేం వేశారు?

గోరంట్ల_గోంగూర
బెండ ఎనిమిది సెంట్లు. మిగతాది టమాట, వంగ, పాలకూర, గోంగూర, సొర, దోస. టమాట మాస్టారు వద్దన్నారు. కమిటీ ఓటింగ్ పెట్టి మరీ టమాటని గెలిపించింది.

టెర్రస్_టీచర్
మేలో టమాటా! పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే పూత నిలవదు, రాలిపోతుంది. మందు కొట్టినా, మంత్రం వేసినా అంతే. పాలకూర కూడా చలికాలం సరుకే. ఈ ఎండకి ఆకు చిన్నదైపోతుంది. తోటకూర వేసుంటే హాయిగా పెరిగేది, దానికి ఎండంటే ఇష్టం.

సైలెంట్_రీడర్
ఎన్నికల్లో గెలిచి, పొలంలో డిపాజిట్ పోగొట్టుకుంది టమాటా.

బెజవాడ_బుల్లోడు
వాలంటీర్లు కావాలంటే నెలకి ఐదు వేలు గౌరవ వేతనం ప్రకటించండి, క్యూ కడతారు 😀

అడ్మిన్_రాజు
బుల్లోడు గారూ, రాజకీయాలకి వేరే విభాగం ఉంది. ఇక్కడ బెండకాయలు మాత్రమే.

నల్లపాడు_రైతుబిడ్డ
కోపం వచ్చినా సరే, ఒక మాట చెప్తా. మీ కష్టమంతా మనుషులు తక్కువై కాదు, నేల ఎక్కువై. రోహిణిలో 40 సెంట్లూ పచ్చగా ఉంచాలని మేం కూడా అనుకోం, మాకు ఇదే బతుకైనా సరే.

నల్లరేగడి ఇప్పుడు నోళ్లు తెరుస్తుంది. పగుళ్లలోంచి అడుగు తేమ ఆవిరైపోతుంది, మొక్కల వేళ్లు కూడా తెగుతాయి. మీరు పెట్టే తడి సగం ఆ నెర్రెల్లోకే పోతుంది. కాబట్టి చేతనైనంత వరకే ఉంచుకోండి. బెండ, గోంగూర, సొర, కాస్త తోటకూర. పది సెంట్లు చాలు. దాంట్లో సాళ్ల మధ్య పైపైన దోకుడుపారతో గీరుతూ ఉంటే నెర్రెలు పూడుకుంటాయి, తేమ నిలుస్తుంది. లోతుగా తవ్వొద్దు.

మిగతా ముప్పై సెంట్లు దున్ని ఎండకి వదిలేయండి. తుంగ కలుపు ఉందా మీ దగ్గర? ఉండే ఉంటుంది. దాని గడ్డలు పైకి తేలి ఈ ఎండకి ఎండిపోవాలి. నేలలో దాక్కున్న పురుగుల కోశాలు కూడా బయటపడితే కాకులూ కొంగలూ తినేస్తాయి. వేసవి దుక్కి అంటే ఖాళీగా పడేయడం కాదు, అది కూడా పనే. కాకపోతే ఎండ చేస్తుంది, మీరు ఇంట్లో కూర్చోవచ్చు.

వాన పడ్డాక పచ్చిరొట్ట ఎరువుగా జీలుగ చల్లండి. పూత దశలో, అంటే దాదాపు 45 రోజులకి, కలియదున్నండి. మీ ఉప్పు నీళ్ల నేలకి జీలుగ ఇంకా మంచిది, చౌడుని కూడా తట్టుకుంటుంది.

నవధాన్య_నాగ
@నల్లపాడు_రైతుబిడ్డ అన్నా, మిగతాదంతా ఒప్పుకుంటా గానీ దున్ని వదిలేయడం దగ్గర మాత్రం ఒప్పుకోను. 44 డిగ్రీల ఎండలో ఏ కప్పూ లేకుండా వదిలేస్తే నేలలో ఉన్న కాస్త జీవం కూడా పోతుంది. ప్రకృతి వ్యవసాయంలో చెప్పేదే అది కదా, ఏడాది పొడుగునా నేల మీద ఏదో ఒక పచ్చదనమో గడ్డో ఉండాలి. దాన్ని నడిపించే ప్రభుత్వ సంస్థ, రైతు సాధికార సంస్థ ఆఫీసు మన గుంటూరులోనే ఉంది, ఊళ్లలో వాళ్లు చేయిస్తున్నదీ ఇదే. వానకి ముందే పొడి నేలలో నవధాన్యాలు చల్లడం. విత్తనాలకి బంకమట్టి, బూడిద పట్టించి చల్లి, పైన ఘన జీవామృతం (ఆవు పేడతో చేసే ఎరువు), దాని పైన గడ్డి. చిన్న జల్లు పడినా మొలుస్తాయి.

నల్లపాడు_రైతుబిడ్డ
తుంగ లేని నేలకైతే సరే తమ్ముడూ. తుంగ ఉన్నచోట గడ్డి కప్పడమంటే దొంగకి పరుపు వేయడమే. ముందు దాన్ని ఎండబెట్టనీ, తర్వాత నీ నవధాన్యాలు నేనే చల్లిస్తా.

నవధాన్య_నాగ
ముందు తుంగ ఉందో లేదో ఆయన్ని చెప్పనివ్వండి.

గోరంట్ల_గోంగూర
ఉంది. బాగా ఉంది. పొద్దున పీకితే సాయంత్రానికి సూదుల్లా మళ్లీ లేస్తోంది.

నల్లపాడు_రైతుబిడ్డ
😎

లామ్_సీనియర్
ఇద్దరి మధ్యా దూరుతున్నా. పాలిథిన్ షీట్ సంగతి ఎవరూ ఎత్తలేదు. నేలని బాగా తడిపి, పల్చటి పారదర్శక షీట్ పరిచి, అంచులు మట్టితో పూడ్చేసి నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచితే లోపల వేడికి నులిపురుగులు, తెగుళ్ల శిలీంధ్రాలు, చాలా కలుపు విత్తనాలు చస్తాయి. బెండ, వంగ, టమాట వేసే నేలకి నులిపురుగుల బెడద ఎక్కువ, అందుకని నారుమడి వేయబోయే రెండు సెంట్లకి ఇది చేసుకోండి. నల్ల షీట్ వద్దు. దాని కింద కలుపు అణుగుతుంది గానీ నేల అంత వేడెక్కదు. కాకపోతే తుంగకి ఇది సరిగ్గా పనిచేయదు, గడ్డ లోతులో ఉంటుంది. అక్కడ రైతుబిడ్డ గారి దుక్కే దారి.

ఇంకోటి, ఇది మే మొదట్లో పరవాల్సింది. ఇప్పుడు పరిస్తే మృగశిర వానలు మధ్యలో వస్తాయి. వచ్చే ఏడాదికి గుర్తు పెట్టుకోండి.

పటమట_పద్మ
నేల సంగతి తేలింది గానీ, మొదటి పోస్టులో ఒక మాట నాకు గుచ్చుకుంటోంది. రోజూ వచ్చే ముగ్గురిలో ఒకరు వాచ్‌మన్ గారి భార్య అన్నారు. ఆవిడ వాలంటీరా? ఆవిడకి డబ్బులు ఇస్తున్నారా?

గోరంట్ల_గోంగూర
ఆవిడే ఇష్టంగా వస్తారండీ. కూరగాయలు ఇస్తున్నాం, ఎంత కావాలంటే అంత పట్టుకెళ్లమంటాం.

పటమట_పద్మ
కాలనీలో ఇన్ని కుటుంబాలు మానేస్తే ఏ ఇబ్బందీ లేదు. ఆవిడ ఒక్కరోజు మానేస్తే ఎవరైనా అడుగుతారా, అడగరా? అడిగితే అది ఉద్యోగం.

విద్యానగర్_విశ్వం
మరీ లాగుతున్నారు మేడమ్. పల్లెటూళ్లో ఇరుగుపొరుగు చేలో సాయం చేసుకోరా? ప్రతిదానికీ డబ్బు పెడితే అది కమ్యూనిటీ తోట ఎలా అవుతుంది, కూలి తోట అవుతుంది.

నల్లపాడు_రైతుబిడ్డ
విశ్వం గారూ, పల్లెటూళ్లో బదులు పని ఉంటుంది. నేను మీ చేలోకి వస్తే మీరు నా చేలోకి రావాలి. వాచ్‌మన్ గారి ఇంట్లో మీరెవరైనా ఒక పూట అంట్లు తోమొచ్చారా?

సైలెంట్_రీడర్
పాప్‌కార్న్ తెచ్చుకుంటున్నా.

గోరంట్ల_గోంగూర
నిన్నంతా ఈ పోస్టుల గురించే ఆలోచించా. ఈ రోజు పొద్దున ఆవిడ పని చేస్తుంటే పక్కన నిలబడి చూశా. చీర కొంగు బొడ్లో దోపి ఒడి కట్టుకుంటారు. మనలాగా కాయ కొన గిల్లి చూడరు. తొడిమ దగ్గర రెండు వేళ్లు పడగానే లేతదో ముదురుదో తెలిసిపోతుంది, లేతదైతే టక్కున తుంచి ఒడిలో వేస్తారు, ముదిరినదైతే అదీ తుంచి గట్టు మీదకి విసిరేస్తారు. ముదురు కాయ చెట్టుకి వదిలేస్తే కొత్త పిందె తగ్గిపోతుందట. మాస్టారూ నేనూ ఒక సాలు ముగించేలోపు ఆవిడ మూడు సాళ్లు అయిపోయి, ఆకుల నూగుకి చేతులు దురద పెట్టకుండా వాళ్లాయన పాత ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకుని గోంగూర కూడా కోసేశారు.

ఎక్కడ నేర్చుకున్నారమ్మా అంటే, చిన్నప్పట్నుంచి కూలికి పోయాను కదండీ అన్నారు. ఆ మాట తర్వాత ఉచితంగా కోయించుకోవడం నాకు కుదరదు.

విద్యానగర్_విశ్వం
సరే, ఇస్తే ఇవ్వండి. కానీ డబ్బు ఎక్కడిది? చందాలంటే ఉన్న ముగ్గురూ పోతారు.

పటమట_పద్మ
పంపకాలకి వచ్చే సంచుల దగ్గరే ఉంది డబ్బు. పనికి వచ్చినవాళ్లకి ఉచితం, రానివాళ్లకి రైతుబజారు ధర. బోర్డు చూసి రాసుకోవడమే, బేరం లేదు. మా తోటలో ఇలాగే చేస్తున్నాం. మొదట్లో కాస్త మూతులు ముడిచారు, తర్వాత అలవాటైంది. వచ్చిన డబ్బులోంచి పూట కూలి, మోటారు కరెంటు బిల్లు.

మిర్చిఘాటు
హాజరుకి బయోమెట్రిక్ పెట్టండి. బురద వేలిముద్ర పడితేనే బెండకాయ.

తెనాలి_తాతయ్య
నాకు 74. వంగి కలుపు తీయలేను. మా ఇంటి నుంచి రోజూ బిందెడు మజ్జిగ వెళ్తుంది, అల్లం, కరివేపాకు వేసి. పద్మమ్మ లెక్కలో నాది పనా, బేరమా?

పటమట_పద్మ
బాబాయ్ గారూ, మజ్జిగ కూడా పనే. మీ సంచి ఉచితం.

జీజీహెచ్_సిస్టర్
మజ్జిగ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. ఎదురింటి మాస్టారు రోజూ వస్తున్నారు అన్నారు, ఆయన బీపీ మాత్రలు వాడుతున్నారేమో కనుక్కోండి. కొన్ని బీపీ మాత్రలు ఒంట్లో నీళ్లు బయటికి పంపేస్తాయి, వాళ్లకి వడదెబ్బ తొందరగా తగులుతుంది.

ఇప్పుడు సూర్యోదయం అయిదున్నరకే. అయిదున్నరకి దిగితే ఎనిమిదికల్లా చేలోంచి బయటపడాలి. "ఈ ఒక్క సాలు అవగొట్టి వస్తా" అన్నవాళ్లే మా వార్డుకి వస్తారు. సాయంత్రం నేల వేడి కక్కుతూనే ఉంటుంది, ఆరు దాటాకే వెళ్లండి. దాహం వేసేదాకా ఆగకుండా మధ్యమధ్యలో తాగాలి. ఉప్పేసిన మజ్జిగ, ఓఆర్‌ఎస్, రాగి అంబలి ఏదైనా పర్లేదు. కూల్‌డ్రింక్ వద్దు.

ఎవరైనా మాట తడబడుతున్నా, తిక్కగా మాట్లాడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా ఇక ఆలోచించొద్దు. నీడకి చేర్చి, మెడకీ చంకలకీ గజ్జలకీ తడిగుడ్డలు పెట్టి, విసురుతూ 108కి ఫోన్ చేయండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయొద్దు. ఇది మాత్రం అందరూ తప్పు చేస్తారు.

గోరంట్ల_గోంగూర
మాస్టారు బీపీకి మాత్ర వేసుకుంటారు, ఇప్పుడే అడిగా. రేపట్నుంచి ఆయనకి వేపచెట్టు కింద కూర్చుని లెక్కలు రాసే పని. ఒప్పుకోవట్లేదు, చూద్దాం.

టెర్రస్_టీచర్
లెక్కల మాస్టారేనా?

గోరంట్ల_గోంగూర
తెలుగు మాస్టారు. లెక్క తప్పినా ఛందస్సు తప్పదు.

సింగ్‌నగర్_సీతయ్య
మనుషుల గురించి నా అనుభవం ఒకటి. 2024 సెప్టెంబరులో బుడమేరు మా మీదకి వచ్చినప్పుడు మా వీధి చివర చిన్న కూరగాయల మడులు ఉండేవి, అన్నీ మునిగాయి. నీళ్లు తీశాక అడుగెత్తు బురద. అంతకుముందు మేలో పిలిస్తే రాని కుర్రాళ్లు, బురద తీయడానికి తట్టలు పట్టుకుని వచ్చారు. తర్వాత రోజూ నీళ్లు పట్టండిరా అంటే మళ్లీ మాయం.

దాన్నిబట్టి నాకు అర్థమైంది ఏంటంటే, వాళ్లు బద్ధకస్తులు కాదు. మొదలూ చివరా కనిపించే పనికి వస్తారు, రోజూ ఉండే చాకిరీకి రారు. "వీలైనప్పుడు రండి" అంటే ఎవరికీ వీలవదు. "శనివారం పొద్దున అయిదున్నర నుంచి ఏడున్నర, సొరపాదుకి పందిరి, ఆరుగురు కావాలి" అని పెట్టి చూడండి. రోజువారీ కోతకి కూలి ఇచ్చి ఆవిడనే పెట్టుకోండి.

బెజవాడ_బుల్లోడు
@సింగ్‌నగర్_సీతయ్య ఇది నిజం. నన్ను పందిరికి పిలిస్తే వస్తా. కలుపుకి పిలిస్తే ఫోన్ సైలెంట్‌లో ఉంటుంది.

కట్లపాము_కిరణ్
పొద్దున చీకట్లో వెళ్లేవాళ్లు టార్చ్, బూట్లు తప్పనిసరి. డ్రిప్ తడి దగ్గరికి, గడ్డి కప్పు కిందకి ఎలుకలూ కప్పలూ చేరతాయి, వాటి వెనకే పాములు. గడ్డి ఎత్తేటప్పుడు చేత్తో కాదు, కర్రతో. మా వైపు పొలాల్లో రక్తపింజరి ఎక్కువ.

టెర్రస్_టీచర్
అందుకే నేను మూడో అంతస్తులో పండిస్తా.

బెండ_ప్రియ
గట్టు మీదకి విసిరేస్తున్న ముదురు కాయల్ని ఏం చేస్తున్నారు? మరీ పీచు పట్టనివాటిని చక్రాల్లా కోసి, ఉప్పేసిన పుల్లమజ్జిగలో రాత్రంతా ఉంచి ఎండబెడితే వరుగులు. ఈ ఎండకి డాబా మీద రెండు రోజుల్లో గలగలలాడతాయి. పప్పుచారులోకి నంజుకుంటే ఇంకేం అక్కర్లేదు.

లామ్_సీనియర్
విత్తనానికి కూడా కొన్ని ఉంచుకోవచ్చు, హైబ్రిడ్ కాకపోతేనే. ప్యాకెట్ మీద ఏముంది? అర్క అనామిక, పర్భనీ క్రాంతి లాంటివైతే సూటి రకాలు, దాచుకోవచ్చు. ఈనెలు పసుపు పచ్చగా మారిన మొక్కలుంటే మాత్రం పీకేయండి. అది పల్లాకు తెగులు, తెల్లదోమ పక్క మొక్కలకి మోసుకెళ్తుంది. ఎండాకాలం దోమ ఎక్కువ. జిగురు పూసిన పసుపు అట్టలు కొన్ని కట్టండి.

గోరంట్ల_గోంగూర
ప్యాకెట్ చూశా, అర్క అనామిక. పసుపు పచ్చబడిన మొక్కలు ఒక మూలన ఉన్నాయి, పీకించేస్తా.

నిన్న రాత్రి డాబా మీద మీటింగ్ అయింది. గొడవ కూడా అయింది. పంపకాలకి ధర పెట్టడం దగ్గర ఇద్దరు లేచి వెళ్లిపోయారు. అయినా తీర్మానం ఇదీ: బెండ, గోంగూర, సొర ఉంచి కొత్తగా రెండు మడులు తోటకూర. టమాట పీకేయడం. ఆవిడకి పూట కూలి, అది ఊళ్లో కోతకి నడుస్తున్న రేటుకి తగ్గకుండా. మిగతా నేల దున్నడం. ఏరువాక పున్నమి రోజున అందరూ కుటుంబాలతో వచ్చి జీలుగ చల్లాలి, అప్పటికి వాన పడితే. ఆ ఒక్క రోజుకి ఇప్పటికే చాలా పేర్లు వచ్చాయి, సీతయ్య గారు చెప్పినట్టే.

విద్యానగర్_విశ్వం
లేచి వెళ్లిపోయిన ఇద్దరూ ఆదివారం సంచులతో వస్తారా లేదా, అది రాయండి ఇక్కడ.

నవధాన్య_నాగ
ఒక్క జీలుగే ఎందుకు, దాంతో జనుము, పిల్లిపెసర కూడా కలపండి. నా మాట కొంచెమైనా నెగ్గనీయండి.

నల్లపాడు_రైతుబిడ్డ
కలుపుకోండి, తప్పు లేదు. జీలుగ ఒక్కటే అయితే ఎకరానికి పది, పన్నెండు కిలోలు, మీ ముప్పై సెంట్లకి మూడున్నర కిలోలు చాలు. రైతు సేవా కేంద్రంలో ఖరీఫ్ ముందు పచ్చిరొట్ట విత్తనం సబ్సిడీ మీద ఇస్తారు గానీ మీకు పాస్‌బుక్ ఉండదుగా, బయట కొనుక్కోండి. ఓనర్ గారిని అమెరికా నుంచి లైన్లో నిలబెట్టకండి 🙂

ఇంకొకటి, ట్రాక్టర్ అతను వచ్చాక ఏం తగిలిస్తాడో చూసుకోండి. రోటవేటర్ మాత్రం వద్దు. అది తుంగ గొలుసుల్ని ముక్కలు చేసి చేనంతా పంచిపెడుతుంది. నాగళ్లతో లోతు దుక్కి చేయించి గడ్డలు పైకి తేలనివ్వండి.

గోరంట్ల_గోంగూర
రేపు పొద్దున్నే రోటవేటర్‌తో రమ్మని అడ్వాన్స్ కూడా ఇచ్చేశా! ఆగండి, ఫోన్ చేస్తున్నా.